ఉద్యోగం వదలకుండా ఆటల కోచింగ్ చదవొచ్చా? పలాస తమ్ముడికి నా జవాబు

పలాస నుంచి ఒక తమ్ముడు అడిగారు. వయసు 36. డిగ్రీ చదివారు. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కాలేజీ రోజుల్లో జిల్లా జట్టుకి కబడ్డీ ఆడారు. మూడేళ్ళుగా సాయంత్రం పూట హైస్కూలు మైదానంలో ఇరవైమంది పిల్లలకి ఆట నేర్పుతున్నారు. "నేర్పుతున్నాను గానీ సరిగ్గానే నేర్పుతున్నానా అని భయం. ఉద్యోగం మానలేను, ఇద్దరు పిల్లలు. పార్ట్ టైమ్‌లో కోచింగ్ చదవడానికి దారి ఉందా? ఈ వయసులో చదివితే ఉపయోగమా? ఇంట్లో కూడా ఒప్పుకోవడం లేదు" అన్నది వారి ప్రశ్న.

తమ్ముడూ, చదవొచ్చు. నేను 38వ ఏట మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు 51. అయితే మీరు అనుకుంటున్నట్టు "పార్ట్ టైమ్ కోచింగ్ డిగ్రీ" అని ఒకే కోర్సు కోసం వెతక్కండి. మనలాంటివాళ్ళకి చదువు ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఒకటి, మీ ఆట ఫెడరేషన్ పెట్టే చిన్న కోర్సులు, వీటి చుట్టూ ఏడాది పొడుగునా మీ సొంత చదువు. ఈ మూడూ కలిపి రెండు మూడేళ్ళు పడుతుంది. మీ ఇరవైమంది పిల్లల్ని మాత్రం ఒక్కరోజు కూడా వదలొద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

నా సంగతి కొంచెం చెబితే మీకు అంచనా వస్తుంది. మాది ఆమదాలవలస. యూనివర్సిటీ రోజుల్లో 400 మీటర్లు పరిగెత్తేదాన్ని. పెళ్ళయ్యాక ఆగిపోయింది. విజయనగరంలో ఒక సహకార సంఘంలో గుమస్తాని. రోజూ రైల్లో వెళ్ళి రావాలి. పొద్దున అయిదున్నర నుంచి ఏడు వరకు మా ఊరి పిల్లలచేత పరుగు తీయిస్తాను. జీతం లేదు, నేను అడగనూ లేదు. నాలుగేళ్ళు అలా నేర్పాక నాకూ మీకొచ్చిన భయమే వచ్చింది.

ఆ భయం ఒక కుర్రాడి మోకాలి వల్ల మొదలైంది. పదమూడేళ్ళవాడు, బాగా ఎదుగుతున్న వయసు. మోకాలి చిప్ప కింద బుడిపెలా లేచింది, ముట్టుకుంటే నొప్పి. "ఎదిగే నొప్పిలే, తగ్గిపోతుంది" అని వాడిచేత ఒంటికాలి గెంతులు వేయిస్తూనే ఉన్నాను. మూడు వారాలకి మెట్లు దిగలేకపోయాడు. దాని పేరు ఆస్‌గుడ్ ష్లాటర్ అని, తొడ ముందు కండరం నుంచి వచ్చే నరం లాంటి పట్టీ ఎముకకి అతుక్కునే చోటు ఆ వయసులో ఇంకా గట్టిపడి ఉండదని, గెంతులు తగ్గించి, ఒంటిమీద పడే శ్రమ, అంటే లోడు, చూసుకుంటే చాలావరకు దానంతటదే సర్దుకుంటుందని నాకు తర్వాత తెలిసింది. ఎముకల డాక్టరు చెప్పాక, పుస్తకం తీసి చదివాక. నాకు పరుగు వచ్చు. ఎదిగే పిల్లవాడి ఒళ్ళు ఎలా పనిచేస్తుందో రాదు. ఆడటం వేరు, ఆడించడం వేరని నాకు అప్పుడే బోధపడింది. ఆ కుర్రాడు కోలుకున్నాడు, కానీ ఆ మూడు వారాలు నేను మర్చిపోలేదు.

ఇప్పుడు దారుల గురించి.

పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ, మనందరం ఎన్‌ఐఎస్ అంటాం, 1961లో మొదలైంది. అక్కడి కోచింగ్ డిప్లొమా ఏడాది కోర్సు, అక్కడే ఉండి చదవాలి. పెద్ద స్థాయి కోచ్ ఉద్యోగాలకి సాధారణంగా అడిగేది అదే. కానీ ఏడాదిపాటు జీతం లేకుండా ఇల్లు నడపగలిగితేనే దాని గురించి ఆలోచించాలి. అదే సంస్థ నడిపే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు మనకి అందేది. ఏ ఆటలకి పెడతారు, ఏ కేంద్రంలో పెడతారు, ఏ స్థాయి ఆట సర్టిఫికెట్ కావాలి అనేవి ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. మీ జిల్లా జట్టు సర్టిఫికెట్ ఎక్కడుందో ఇవాళే బీరువా తీసి చూడండి. నాతో దరఖాస్తు చేసిన ఒకావిడ ఆట సర్టిఫికెట్ చెదలు పట్టిపోయి, నకలు తెచ్చుకునేలోపు గడువు దాటిపోయింది.

బి.పి.ఎడ్ గురించి చాలామంది సలహా ఇస్తారు. అది వ్యాయామోపాధ్యాయుడి చదువు. కోచ్ చదువు, అది ఒకటి కావు. రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు, రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్ళాలి, హాజరు ఉండాలి. చేరాలంటే పీఈసెట్ అనే ప్రవేశ పరీక్షకి వెళ్ళాలి, అందులో పరుగు, జంప్, షాట్‌పుట్ లాంటి దేహ పరీక్షలు ఉంటాయి. స్కూల్లో పీఈటీ, అంటే వ్యాయామోపాధ్యాయుడు, అవ్వాలని ఉంటే ఇలాంటి రెగ్యులర్ చదువే దారి, వేరే దగ్గరిదారి లేదు. ఆరు వారాల సర్టిఫికెట్ చూపించి పీఈటీ పోస్టు అడగలేరు. ఈ రెండూ కలిపేసుకుని నిరాశపడ్డవాళ్ళని నేను కనీసం నలుగురిని చూశాను. మీరు ముందే తేల్చుకోండి: మీకు కావలసింది స్కూల్లో ఉద్యోగమా, మీ మైదానంలో మంచి కోచ్ అవ్వడమా. మీ ప్రశ్న చదివితే రెండోదే అనిపించింది. అందుకే ఈ జవాబంతా దాని గురించే రాస్తున్నాను.

ఫెడరేషన్ కోర్సులు కొద్దిరోజులవే. ఫుట్‌బాల్‌కి మెట్లు స్పష్టంగా ఉన్నాయి, డి లైసెన్స్ నుంచి పైకి సి, బి, ఎ. కొన్ని ఆటల్లో ఇంత వరుస ఉండదు, అప్పుడప్పుడు క్యాంపులే పెడతారు. మీ జిల్లా కబడ్డీ సంఘంవాళ్ళతో మాట్లాడి, రిఫరీ పరీక్ష కూడా రాయండి. రూల్సు రిఫరీ కళ్ళతో చదివితే ఆట నేర్పే తీరు మారుతుంది.

ఇంట్లో కూర్చుని చదవడానికి ఇప్పుడు మా రోజుల కంటే చాలా నయం. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదికలు స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లో క్రీడా పోషకాహారం లాంటి కోర్సులు ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాయాలంటేనే ఫీజు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అదే వాడా, కోచ్‌ల కోసం ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా ఇస్తుంది. అవి వదలొద్దు. మన విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో మొదట మూడో స్థానంలో నిలిచింది. గెలిచిన నైజీరియా అమ్మాయి డోప్ పరీక్షలో, అంటే నిషేధించిన మందుల పరీక్షలో, పట్టుబడటంతో సంతోషికి రజతం వచ్చింది. ఆ నైజీరియా అమ్మాయికి అప్పుడు పదహారేళ్ళు. ఆ వయసు పిల్ల ఏం మింగుతోందో చుట్టూ ఉన్న పెద్దవాళ్ళకి తెలిసి ఉండాలి కదా. మన ఊళ్ళలోనూ జిమ్ముల దగ్గర డబ్బా పౌడర్లు అమ్ముతున్నారు. మీ పిల్లాడు "సార్, ఇది తాగొచ్చా?" అని అడిగినప్పుడు మీ దగ్గర జవాబు ఉండాలి.

"పదిహేను రోజుల్లో ఇంటర్నేషనల్ కోచ్ సర్టిఫికెట్" అని ఫోన్‌కి వచ్చే ప్రకటనల జోలికి పోకండి. ఒక్క ప్రశ్న చాలు: ప్రాక్టికల్ పరీక్ష ఎక్కడ, ఎవరు పెడతారు? మైదానంలో మీరు పాఠం చెబుతుంటే ఎవరూ చూడకుండా ఇచ్చే కాగితానికి డబ్బు కట్టొద్దు.

వయసు గురించి అడిగారు. నా బ్యాచ్‌లో నాకంటే పెద్దవాళ్ళు ఇద్దరే. మొదటి వారం ఒళ్ళు హూనమైంది, అది నిజం. పొద్దునా సాయంత్రం మైదానం, మధ్యలో క్లాసులు. వెళ్ళే ముందు మూడు నెలలు నేను మళ్ళీ పరిగెత్తడం మొదలుపెట్టాను కాబట్టి తట్టుకున్నాను. మీరూ ఇప్పటినుంచే పిల్లలతోపాటు వార్మప్ మొత్తం చేయండి. కానీ క్లాసులో కూర్చున్నాక పరిస్థితి తిరగబడింది. ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు పరీక్ష కోసం చదివారు. నాకు ప్రతి పాఠానికీ మా ఊరి పిల్లవాడి ముఖం ఒకటి గుర్తొచ్చేది. అలసట గురించి చెబితే ఫలానా అమ్మాయి, గాయాల గురించి చెబితే ఆ మోకాలి కుర్రాడు. ఒకసారి వింటే చాలు, మళ్ళీ బట్టీ పట్టాల్సిన పని ఉండేది కాదు. పిల్లల్ని వదలొద్దని మొదట చెప్పింది ఇందుకే. చదువుకోడానికి మైదానం ఆపేస్తే మీకున్న పెద్ద ఆసరా పోతుంది.

కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు శ్రీకాకుళం స్టేడియంకి ఉంది కదా. సర్కస్‌లో గొలుసులు తెంపిన కథలే మనకి చెబుతారు. ఆయన దానికి ముందు మద్రాసు సైదాపేటకి వెళ్ళి ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ చదివి, సర్టిఫికెట్ తెచ్చుకుని, విజయనగరం వచ్చి తాను చదివిన స్కూల్లోనే వ్యాయామం నేర్పారు. అంతటి బలవంతుడు కూడా నేర్పడానికి చదువు కావాలనుకున్నాడు. పిల్లలకి ఈ కథ కూడా చెప్పాలని నా కోరిక.

అసలు కష్టం భాష. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. పాఠాలు ఇంగ్లీషులో, హిందీలో నడుస్తాయి. నేను డిగ్రీ తెలుగు మీడియం. మొదటి మూడు రోజులు రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. తర్వాత ఒక పద్ధతి పట్టుకున్నాను. రెండు వందల పేజీల నోటుబుక్కు తీసుకుని, ప్రతి మాటకీ నాకు తెలిసిన పని ఒకటి పక్కన రాసుకున్నాను. కాన్సెంట్రిక్, ఎసెంట్రిక్ అంటే నోరు తిరగలేదు. గుంజీలు తీస్తున్నట్టు ఊహించుకున్నాను. పైకి లేచేటప్పుడు తొడ ముందు కండరం ముడుచుకుంటూ పనిచేస్తుంది, అది కాన్సెంట్రిక్. కిందికి దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువు ఆపుతుంది, అది ఎసెంట్రిక్. మర్నాడు కండరాలు పట్టేసేది ఎక్కువగా ఆ సాగే పని వల్లే. ఇలా రాసుకున్నాక పరీక్షలో మర్చిపోలేదు సరే, ఊరొచ్చాక పిల్లలకీ అదే మాటల్లో చెప్పగలిగాను. మీరు కబడ్డీ మాటల్లో రాసుకోండి. ఒక రైడ్ 30 సెకన్లు. అందులో కాలు విసిరి తాకి వెనక్కి దూకే పని రెండు మూడు సెకన్లే. ఆ రెండు సెకన్లకి ఏ శక్తి వాడుకుంటాం, మధ్యలో ఎంతసేపు ఊపిరి తీసుకునే వీలుంటుంది, అలాంటప్పుడు పిల్లలచేత రోజూ గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టించడం ఎంతవరకు సరి? ఒంటికి శక్తి ఎలా అందుతుందో చెప్పే ఎనర్జీ సిస్టమ్స్ పాఠం మొత్తం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

క్యాలెండర్ సంగతి. నేను చేసినప్పుడు కోర్సు వేసవిలో పెట్టారు. మీ దగ్గర సరిగ్గా అప్పుడే పక్కనున్న ఉద్దానం ప్రాంతం నుంచి జీడిపిక్కలు దిగి ఫ్యాక్టరీలో ఊపిరాడని పని. ఆఖరి నెలలో సెలవు అడిగితే ఎవరూ ఇవ్వరు. నాకూ మొదటిసారి ఇవ్వలేదు. ఆ ఏడాది పోయింది. రెండో ఏడాది సంక్రాంతి కాగానే కాగితం పెట్టాను, నా సీటు పని చూసేందుకు ఒకరిని ఒప్పించి వాళ్ళ సంతకం కూడా పెట్టించాను. మీరు యజమానితో దసరా నాటికే మాట్లాడండి. ఆ ఆరు వారాలు షెడ్డు ఎవరు చూస్తారో మీరే చెప్పండి. జీతం నష్టం ఎంత, ఫీజు ఎంత, రైలు ఖర్చు ఎంత, ఇంట్లో అప్పుడు వచ్చే ఖర్చులు ఏమిటి, ఒక కాగితం మీద రాసి ఆ మొత్తం ముందు కూడబెట్టండి. అప్పు చేసి మాత్రం వెళ్ళొద్దు. ఈ చదువు వెంటనే తిరిగి డబ్బు తెచ్చేది కాదు.

ఇది చదువుతున్న ప్రభుత్వ ఉద్యోగులు ఎవరైనా ఉంటే, మీలో చాలామందికి ఏడాదికి 30 రోజులు జమయ్యే ఈఎల్ (సంపాదిత సెలవు) ఉంటుంది, దాచుకుంటే ఆరు వారాలు సరిపోతుంది. చదువుకైనా, బయట జీతానికి కోచింగ్ ఇవ్వడానికైనా ముందు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

రోజూ చదివేది ఎంత? నాకు పొద్దుటి రైల్లో నలభై నిమిషాలు. సాయంత్రం రైల్లో నిలబడటానికే చోటుండదు, అందుకే ఆ టైమ్ లెక్కలో పెట్టుకోలేదు. ఆదివారం గంటసేపు నోటుబుక్కు. అంతే. పెద్ద టైమ్ టేబుళ్ళు వేసుకున్నప్పుడల్లా పదిరోజుల్లో టెన్షన్ పడి వదిలేశాను. ఆ నలభై నిమిషాలు మాత్రం పదమూడేళ్ళుగా వదలలేదు.

కోర్సు మొదలయ్యేలోపే మీరు చేయగలిగే పని ఒకటి చెబుతాను, ఖర్చు లేదు. ప్రాక్టీసు అయిన అరగంటకి ప్రతి పిల్లాణ్ణీ అడగండి: "ఇవాళ ఎంత కష్టంగా ఉంది? సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెప్పు." ఆ అంకెని ప్రాక్టీసు చేసిన నిమిషాలతో గుణించండి. అరవై నిమిషాలు, కష్టం ఏడు, అంటే 420. రోజూ రాస్తే వారం మొత్తం కనబడుతుంది. పోటీ ముందు వారం మీరు ఉత్సాహంతో లోడు ఎంత పెంచేస్తున్నారో చూసి ఆశ్చర్యపోతారు. నేను పోయాను. పైగా ఒకే పనికి ఒక పిల్ల నాలుగు అంటుంది, ఇంకో పిల్ల తొమ్మిది అంటుంది. ఆ తొమ్మిది అన్న పిల్ల పొద్దున్న ఏమీ తినకుండా వస్తోందని నాకు అలాగే తెలిసింది.

మీ చోటికి, మీ ఆటకి సంబంధించి మూడు విషయాలు గట్టిగా చెప్పాలి.

బరువు. చిన్నవాళ్ళ కబడ్డీలో బరువు పరిమితి ఉంటుంది. తూకానికి ముందు పిల్లలచేత ఉపవాసం చేయించడం, నీళ్ళు మానిపించడం, రెండు స్వెట్టర్లు వేసి పరిగెత్తించడం నేను కళ్ళారా చూశాను. ఎదిగే పిల్లల విషయంలో ఇది అస్సలు వద్దు. బరువు దాటితే పై విభాగంలో ఆడనివ్వండి, లేదా ఈ ఏడాది ఆడకపోయినా పరవాలేదు.

నొప్పి బిళ్ళ. మీది ఉద్దానం పక్కనే. కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు కుంగిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ ఆ జబ్బు మూలాల మీద పరిశోధనలు ఇంకా సాగుతూనే ఉన్నాయి. కానీ ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు నొప్పి మాత్రలు కిడ్నీలకి చేటు చేస్తాయన్నది డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్న మాట. కోచ్ జేబులో నొప్పి బిళ్ళలు ఉండకూడదు. నొప్పి ఉన్న పిల్లాడు ఆడడు, డాక్టరు దగ్గరికి వెళ్తాడు. వేసవిలో నాలుగింటికి కాకుండా అయిదున్నరకి మొదలుపెట్టండి, నీళ్ళ బ్రేకు పిల్లలు అడిగినప్పుడు కాక మీరే పిలిచి ఇవ్వండి. సెలవుల తర్వాత వచ్చిన పిల్లల ఒంటికి ఎండ అలవాటు కావడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో సగం పనే పెట్టండి.

ఆడపిల్లలు. మీ దగ్గర అమ్మాయిలు ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే ప్రాక్టీసు జరిగినంతసేపూ ఇంకో పెద్దావిడ మైదానంలో ఉండేలా చూడండి. పట్టు నేర్పేటప్పుడు ఒంటిమీద చెయ్యి వేయాల్సిన ఆట ఇది. అమ్మాయి చేతే ఇంకో అమ్మాయికి చూపించండి. 2012 పోక్సో చట్టం ఏం చెబుతుందో ఒకసారి పూర్తిగా చదవండి. పిల్లలమీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన పెద్దవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలని అందులో ఉంది. తల్లులు మిమ్మల్ని నమ్మి పంపుతున్నారు.

వీటితోపాటు రెడ్‌క్రాస్ వాళ్ళ ప్రథమ చికిత్స శిక్షణ ఎక్కడ పెట్టినా వెళ్ళండి. ఒక రోజు పని పోయినా సరే.

ఇక ఇంట్లో ఒప్పుకోకపోవడం. మా అత్తగారు నాతో "ఏటమ్మా, పిల్లల్ని బడికి పంపే వయసులో నువ్వెళ్తావేటి?" అన్నారు. కోపంతో అన్నది కాదు, నా పిల్లలు ఆరు వారాలు ఏం తింటారన్న బెంగ. నేను వాదించలేదు. ఒక ఆదివారం పొద్దున్నే ఆవిడని మైదానానికి తీసుకెళ్ళి గట్టు మీద కూర్చోబెట్టాను. ఆ మోకాలి కుర్రాడు వచ్చి ఆవిడ పక్కనే కూర్చుని, తనకేమైందో, ఇప్పుడెలా ఉందో వాడికి తోచినట్టు చెప్పాడు. ఇంటికొచ్చాక ఆవిడే అడిగారు, "ఎన్నాళ్ళన్నావు? ఆరు వారాలేనా?" అని. ఆ ఆరు వారాలూ నా పిల్లలకి ఆవిడే వండిపెట్టారు. నేను ఫోన్ చేసినప్పుడల్లా ముందు ఆ కుర్రాడి కబురే చెప్పేవారు.

మీ ఆవిడని ఒక సాయంత్రం మైదానానికి రమ్మనండి. వచ్చే ముందు లెక్కలు రాసిన ఆ కాగితం కూడా ఆవిడకి చూపించండి, దాచొద్దు. దరఖాస్తు పెట్టేటప్పుడు ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, పొద్దుటి రైల్లో చూసి జవాబిస్తాను.